వార్తల గొంతు

మైకుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు మీద ఆమె ఊపిరి తడి ఇంకా ఆరలేదు.

పదిన్నర ముఖ్యాంశాలు ఇప్పుడే చదివింది. మళ్లీ పదకొండింటికి పది నిమిషాల వార్తలు. ఇరవై ఏళ్లుగా ఆ ఊరి రేడియోకు ఆమే గొంతు.

ఫోను మోగింది. వదిన. మాట కన్నా ముందు ఎక్కిళ్లు వచ్చాయి.

"అంబులెన్సు వచ్చి గుమ్మం ముందు నిలబడింది. మీ అన్నయ్య ఎక్కనంటున్నారు. కుట్టుమిషను కాలు పట్టుకుని కూర్చున్నారు. ఎంత లాగినా వదలడం లేదు."

"వేలికి పెట్టింది ఆక్సిజన్ ఎంతని చూపిస్తోంది?"

"ఎనభై రెండు. ఇందాక ఎనభై ఆరు."

"ఎందుకు ఎక్కనంటున్నాడు?"

వదిన ముక్కు ఎగబీల్చింది.

"నువ్వే వద్దన్నావుగా."

"నేనా?"

"ఫోన్లో తిరుగుతోంది. నీ గొంతే. ఆసుపత్రికి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రావడం లేదు, తలుపులేసుకుని ఆవిరి పట్టండి, మూడు రోజుల్లో తగ్గిపోతుంది అని. వీధి వీధంతా విన్నాం."

గుర్తొచ్చింది. శుక్రవారం కార్యక్రమం. ముందు ఆమె పుకారును చదవాలి. తర్వాత డాక్టరు, అది ఎందుకు తప్పో చెప్పాలి.

'పుకారును కూడా వార్తలాగే ఖంగుమనిపించండి, అప్పుడే జనం చెవొగ్గుతారు' అన్నాడు డ్యూటీ ఆఫీసరు. ఖంగుమనిపించింది.

ఎవడో మహానుభావుడు డాక్టరు మాటను కోసేసి, ఆమె గొంతును మిగిల్చాడు.

"ఫోను అన్నయ్య చెవి దగ్గర పెట్టు వదినా."

ముందు ఊపిరి వినిపించింది, తూట్లు పడిన కొలిమితిత్తిలా. తర్వాత మాట.

"ఏమే, అబద్ధాలపుట్టా."

చిన్నప్పటి నుంచీ అన్నయ్య ఆమెను పిలిచే పేరు అదే.

"అన్నయ్యా, నువ్వు విన్నది సగమే. ఆ తర్వాత డాక్టరు..."

"రేడియోలో నువ్వు చెప్తే... నమ్ముతా. తుఫాను అన్నావు, వచ్చింది. నీళ్లు రావన్నావు... రాలేదు." ఆగాడు. ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇంట్లో నీ మాటకు మాత్రం... ఓ దణ్ణం తల్లీ. నాన్నకు కోపం తగ్గింది, అటక దిగు అన్నావు. దిగాను. వీపు విమానం మోత మోగింది."

నవ్వబోయాడు. అది దగ్గయింది. ఎంతకీ ఆగలేదు.

"నిజం చెప్పు. అక్కడికి పోయినోళ్లు... వస్తున్నారా?"

ఆమె ముందు పదకొండింటి కాగితం ఉంది. ఇప్పుడే తెచ్చిపెట్టారు. మొదటి వార్త: పెద్దాసుపత్రిలో రాత్రి పదిహేడు మంది మృతి.

అన్నయ్యను తీసుకెళ్లేది అక్కడికే. ఆక్సిజన్ ఉన్నదీ అక్కడే. ఇంట్లో ఉంటే సాయంత్రం చూడడు.

నడుము నిటారు చేసింది. గొంతు సవరించుకుంది. ఫోనును మైకులా నోటికి జానెడు దూరంలో పట్టుకుంది.

"పెద్దాసుపత్రిలో చికిత్స పొందుతున్న వారందరి పరిస్థితి నిలకడగా ఉంది. గడచిన ఇరవై నాలుగు గంటల్లో అక్కడ ఒక్క మరణం కూడా సంభవించలేదు. ఊపిరి అందనివారు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలని వైద్యులు కోరుతున్నారు."

స్టూడియో అద్దం అవతల ఇంజినీరు చటుక్కున తలెత్తాడు. అతని చేతిలోనూ అదే కాగితం ఉంది.

"రాసిచ్చిందేనా అది?" అన్నాడు అన్నయ్య. "పదకొండింటికి చదివేదేనా?"

"చదివేదే."

అవతల ఫోను కింద పెట్టిన చప్పుడు.

తర్వాత వదిన గొంతు, దూరం నుంచి: "వదిలారు! మిషను వదిలారు! చెప్పులేవని అడుగుతున్నారు!"

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. పదకొండింటి కాగితం ముందుకు లాక్కుంది.

డ్యూటీ ఆఫీసరు తలుపు సగం తెరిచి, మాస్కు సర్దుకున్నాడు.

"మేడమ్, మొదటి వార్త కాస్త నిదానంగా చదవండి. బయట రెండు వందల మంది పోయారని పుకారు. పెద్దాసుపత్రి గేటు ముందు జనం రాళ్లు పట్టుకుని ఉన్నారు. మీ నోటి నుంచి పదిహేడని వస్తేగానీ నమ్మరు."

"గేటు ముందా?"

"అంబులెన్సులను కూడా కదలనివ్వడం లేదట."

పదకొండుకు రెండు నిమిషాలు.

మళ్లీ వదిన ఫోను. ఈసారి వెనక సైరను.

"ఎక్కారమ్మాయ్! మూతికి గొట్టం పెట్టారు. తొంభైకి వచ్చింది. నీ పుణ్యమే."

"ఎంతసేపట్లో చేరతారు?"

"పావుగంట అంటున్నారు." వదిన గొంతులో చాలా రోజుల తర్వాత కాస్త ప్రాణం. "నీ వార్తలు పెట్టమని మీ అన్నయ్య ఒకటే గొడవ. పాపం, డ్రైవరు రేడియో పెట్టాడు."

"వదినా, కట్టేయమను."

"ఏంటీ? సైరను గోలలో వినపడట్లేదు..."

"రేడియో కట్టేయమను వదినా!"

లైను తెగిపోయింది.

మళ్లీ చేసింది. కలవలేదు.

అద్దం అవతల ఇంజినీరు అయిదు వేళ్లు చూపించాడు. నాలుగు. మూడు.

ఎర్ర లైటు వెలిగింది.

ఆమె తన పేరు చెప్పింది. మొదటి వార్త అందుకుంది. పెద్దాసుపత్రిలో, అంది.

ఇరవై ఏళ్లలో ఎన్నడూ ఆగనిచోట అర క్షణం ఆగింది.

పదిహేడు మంది, అంది. నిదానంగా, ఖంగుమంటూ.

బల్ల మీద ఫోను చప్పుడు లేకుండా వెలిగింది. వదిన. ఆరింది. మళ్లీ వెలిగింది.

ఇంకా తొమ్మిది నిమిషాల వార్తలున్నాయి.