చివరి వరసలో వన్స్ మోర్

వియన్నా నాటకశాలలకు ఇప్పుడు మనుషులు రావడం మానేశారు. ఇళ్లలో కూర్చున్న యాత్రికుల తరఫున మరబొమ్మలు వచ్చి కుర్చీలు నింపుతాయి. ఒక్క సాయంత్రంలో ఊళ్లోని నాటకాలన్నీ చుట్టేస్తాయి.

అక్కడి ఒక పాత థియేటరులో ఇంకా పద్యనాటకం ఆడుతున్న మనుషులు కోదండపాణి, హార్మోనియం వాయించే అతని భార్య సుభాషిణి. ఈ రోజు కూడా ఒక్క మనిషైనా చూడ్డానికి రాకపోతే, రేపటి నుంచి వేషాలు కూడా బొమ్మలే వేస్తాయని యాజమాన్యం చెప్పేసింది. మనిషి వచ్చి కూర్చుంటే తలుపు మీది ఎర్రదీపం పచ్చగా మారుతుంది.

"ఇంకా ఎర్రగానే ఉంది. పోనీ, నువ్వెళ్లి కూర్చోకూడదూ?" అన్నాడు కోదండపాణి, కిరీటం సర్దుకుంటూ.

"చేతికి ఈ ఉద్యోగి పట్టీ ఉన్నంతవరకూ నేను థియేటరు మనిషినే కదండీ, దీపం నన్ను లెక్కెయ్యదు. మీరు పాడండి."

అతను పద్యం ఎత్తుకున్నాడు. బొమ్మలు కదలకుండా చూశాయి. సగంలో హార్మోనియం ఆగిపోయింది. అతను రాగాన్ని ఎలాగో లాక్కొచ్చి ముగించాడు.

"వన్స్ మోర్!"

చివరి వరసలోంచి మనిషి గొంతు. తలుపు మీద దీపం పచ్చబడింది.

కోదండపాణి పక్కకు తిరిగాడు. హార్మోనియం మీద సుభాషిణి తెంపేసిన పట్టీ పడి ఉంది. పట్టీ తెంపినవాళ్లు మళ్లీ ఈ వేదిక ఎక్కడానికి లేదు.

"వన్స్ మోర్!" ఆమె ఏడుస్తూనే మళ్లీ అరిచింది.

హార్మోనియం శ్రుతి లేకుండానే అతను పద్యం మొదటి నుంచి ఎత్తుకున్నాడు.