కదలని టెస్ట్ డ్రైవ్

"ఛార్జింగు నూటికి నూరు ఉండాల. మధ్యాహ్నం రెండుకల్లా మా గుంట కాడికి రావాల. ఆలస్యమైతే అవతల కంపెనీ బండి కొనేస్తా."

పెంచలకృష్ణ పొద్దున్నే ఫోన్లో చెప్పింది అంతే.

టైటస్ ఒంటిగంటన్నరకే కోట ఊరు దాటి, రొయ్యల గుంటల మధ్య మట్టిరోడ్డు ఎక్కాడు. నెల్లూరులో మన దేశపు కంపెనీ ఎలక్ట్రిక్ కార్లు అమ్మే షోరూంలో అతను సేల్స్‌మన్. నెలాఖరు రెండు రోజుల్లో ఉంది. ఈ నెల ఒక్క బండీ పోలేదు. పోకపోతే అనంతపురం బదిలీ. "పోతే నువ్వు పో, నేను మాత్రం నెల్లూరు వదలను" అని అతని భార్య ఏంజెలిన్ ఉప్మా వడ్డిస్తూ తేల్చేసింది.

గట్టు మీద అప్పటికే ఒక తెల్ల కారు ఆగి ఉంది. చైనా కారు. దానికి ఆనుకొని మాథ్యూ నవ్వుతున్నాడు. అతనిది ఎదురు షోరూం. ఆదివారం చర్చిలో ఇద్దరూ ఒకే పాటల పుస్తకం పట్టుకొని పాడతారు. మిగతా ఆరు రోజులూ ఒకరి కస్టమర్‌ని ఒకరు లాక్కుంటారు.

"వందనాలు బ్రదర్. ఓడలో వచ్చిన బండి కదా, ఉప్పుగాలికి తుప్పు పట్టలేదా?" అన్నాడు టైటస్.

"వందనాలు బ్రదర్. అనంతపురంలో ఎండలెక్కువంట. టోపీ కొనుక్కున్నావా?"

పెంచలకృష్ణ లుంగీ ఎగ్గట్టి వచ్చాడు. స్టీరింగ్ ముట్టుకోలేదు. సీటు నొక్కి చూడలేదు.

"ఒక రౌండు వేస్తారా అన్నా?" టైటస్ తాళం చాచాడు.

"రోడ్డు మీద అన్నీ ఉరికేవే. నాకు బ్యాటరీ దమ్ము తెలియాల. బండిలోంచి కరెంటు బయటికి తీసే ప్లగ్గు ఉందన్నారే, ఉందా?"

ఇద్దరూ ఒకేసారి తలూపారు.

గుంటలో నాలుగు ఏరియేటర్లు ఉన్నాయి. నీళ్ళు చిలికి రొయ్యలకు గాలి అందించే చక్రాలు. పెంచలకృష్ణ వాటి వైర్లు అప్పటికే విప్పి సిద్ధంగా పెట్టాడు. ఒక్కో కారుకు రెండేసి. రేపు పొద్దున ఆరు దాకా తిప్పాలి. ఎవరి బ్యాటరీలో ఎక్కువ మిగిలితే వాళ్ళ బండే మంచిది. బ్యాటరీ సైజు ఎటూ ఇద్దరిదీ ఒకటే.

చక్రాలు తిరిగాయి. నీళ్ళు తెల్లగా నురగలెత్తాయి.

"మబ్బు పట్టింది. పందేనికి మంచి రోజన్నా" అన్నాడు టైటస్.

పెంచలకృష్ణ ఆకాశం వంక ఒకసారి, గుంట వంక ఒకసారి చూశాడు.

"దిగుమతి పన్ను కట్టి కట్టి వీళ్ళ బండి కొన్నోడు మళ్ళీ లేవలేడన్నా. రేపు అద్దం పగిలితే మళ్ళీ ఓడ రావాల" అని టైటస్ మొదలుపెట్టాడు.

"అద్దం సరే. నీ బండిలో బ్యాటరీ యాడిదో అన్నకు చెప్పు బ్రదర్."

టైటస్ గొంతు సవరించుకున్నాడు. "లోపల సెల్లులు మాత్రం... బయట నుంచే. మిగతాదంతా మనదే."

"అట్టయితే రెండూ ఒక దొడ్లో దూడలే" అని పెంచలకృష్ణ తేల్చేశాడు.

సాయంత్రం అతని భార్య కామాక్షి మిక్సీ చంకన పెట్టుకొని వచ్చింది.

"పందెమంట కదా. ఇది కూడా తిరుగుద్దేమో చూపించండి. టమాటా పచ్చడి నూరాల."

ఇద్దరూ పోటీపడి ప్లగ్గు చూపించారు. పచ్చడి చైనా కారులో నలిగింది. తన బండి దమ్ము కూడా చూడాల్సిందేనని టైటస్ పట్టుబడితే, ఆమె ఇడ్లీ పిండి గ్రైండర్ తెప్పించి మన కారుకు తగిలించింది. దాంతో లెక్క సరిపోయింది.

షెడ్డులో ఎవరో విప్పి పెట్టిన జనరేటర్ పక్కన చాప పరిచి అన్నం తిన్నారు. చీకటి పడుతోంది. మాథ్యూ లైటు వేయమన్నాడు.

"లైటేస్తే పురుగులొస్తాయి. ఊరికే కూర్చో" అన్నాడు పెంచలకృష్ణ.

ఇద్దరూ ఒకరి డాష్‌బోర్డుకు ఒకరు కాపలా కాస్తూ తెల్లవార్చారు. ఆరింటికి పెంచలకృష్ణ ముందు గుంటలో దిగాడు. ఒక వల వేసి లాగాడు. రొయ్యలు పేలాల్లా ఎగిరిపడ్డాయి. అతని మొహం విప్పారింది. ఆ తర్వాతే కార్ల దగ్గరికి వచ్చాడు.

చైనా కారులో యాభై ఒకటి. మన కారులో యాభై రెండు.

"నీదే గెలుపు టైటసూ" అని పెంచలకృష్ణ భుజం తట్టాడు. "ఓడినోడు కూడా గట్టోడే. ఇంట్లో ఒక మాటనుకొని ఫోన్ చేస్తా."

టైటస్ అక్కడే ఏంజెలిన్‌కు ఫోన్ చేశాడు. "పెట్టె సర్దబాక. మనం యాడికీ పోవడం లేదు."

మాథ్యూ చేయి కలిపి బండెక్కాడు. రెండు కార్లూ చప్పుడు లేకుండా మలుపు తిరిగాయి.

వాటికి ఎదురుగా మేత బస్తాల ఆటో వచ్చింది. పక్క గుంట హజరత్తయ్య దిగి, కార్ల వెనకాల లేచిన దుమ్ము వంక చూశాడు.

"ఏంది కృష్ణా, కారు కొంటుండావంటనే. చైనాదా, మనదా?"

పెంచలకృష్ణ వైర్లు జాగ్రత్తగా చుట్టుకుంటూ అన్నాడు.

"పదింటికి ఇంకో రెండు కంపెనీలోళ్ళు వస్తుండార్లే అన్నా, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చేది ఎల్లుండంట."