గిర్ని నోరు నొక్కిందెవరు?

శశిధర్ టీ గ్లాసు బల్లకేసి కొట్టినంత పని చేశాడు. సూర్యాపేట బస్టాండు ఎదుటి హోటల్లో పక్కబల్ల వాళ్లు ఉలిక్కిపడి చూశారు.

“మూడేండ్లు! మూడేండ్లు కండ్లల్ల వత్తులేసుకోని సూస్తే, గిదా మనకిచ్చింది?”

‘తారాపథం’ రెండో భాగం విడుదలై వారమైంది. అది కంప్యూటర్ ఆట. ఆడేవాడే అంతరిక్ష నౌకకు కెప్టెన్. ఎవరితో మాట్లాడాలో, ఎవరిని కాపాడాలో, ఎవరిని చుక్కల మధ్య వదిలేసి పోవాలో వాడే తేల్చుకోవాలి. మొదటి భాగానికి ఈ చుట్టుపక్కల ఇంతమంది వీరాభిమానులు పుట్టుకొచ్చారంటే కారణం ఒక్కటే. నౌకలో రిపేర్లు చేసే ఓ ముసలి రోబో. పేరు గిర్ని.

కోదాడ నుంచి వచ్చిన యేసయ్య, వాట్సాప్ గ్రూపులో అందరి ఏడుపూ మూటగట్టుకొచ్చాడు. “మాటలు తగ్గించేశారన్నా. ఇదివరకు ఒక్కో మనిషితో ఎంతసేపు మాట్లాడేవాళ్లం! ఇప్పుడు కనబడ్డోణ్ణల్లా కాల్చడమే.”

“కాల్సుకోనియ్! గిర్నిని ఏం జేసిన్రో సూడు ముందు. నోరు నొక్కేసిన్రు!”

అదీ అసలు మంట. మొదటి భాగంలో మనుషులంతా ఇంగ్లిషులో మాట్లాడేవాళ్లు, తెర అడుగున తెలుగు వచ్చేది. గిర్ని కిర్రుకిర్రుమనేది. దానికీ అడుగున తెలుగు వచ్చేది. ఆ తెలుగు కంపెనీ ఇచ్చింది కాదు. శశిధర్‌తో డిగ్రీ చదివిన పూర్ణిమ, మిర్యాలగూడలో ఇంట్లో కూర్చుని నెలల తరబడి తయారుచేసి అందరికీ ఊరికే పంచింది. ఇప్పుడు రెండో భాగానికి కంపెనీయే తెలుగు పెట్టిందంటే అంతా పండగ చేసుకున్నారు. తీరా చూస్తే అందరి మాటలూ ఉన్నాయి, గిర్నివి తప్ప. అది కిర్రుమంటుంది. అడుగున ఖాళీ.

శశిధర్‌కు అది ఉత్త ఆట కాదు. వ్యాపారం మునిగి, ఇంట్లో మొహం చూపలేక కోదాడలో కిరాయి గదిలో పడి ఉన్న రోజుల్లో అతనికి తోడు ఆ రోబోనే. పూర్ణిమ ఎంత తెలుగు చేస్తే అంత పంపేది. అతను ఆడి చూసి ఫోన్లో తప్పులు చెప్పేవాడు. తను పస్తున్న సంగతి తెలిసినట్టే గిర్ని అడిగేది: “తిన్నవా కెప్టెన్? కడుపు మాడ్సుకుంటే సుక్కలు దగ్గరికొస్తయా?”

ఇక బతికి ఏం లాభం అనిపించిన రోజున కూడా, ఏదో పిచ్చి ధ్యాసలో ఆట తెరిచాడు. గిర్ని కిర్రుమంది. “ఇంజన్ ఆగితే నౌక ఖతమైనట్టు కాదు కెప్టెన్. జర ఆగు. నేనున్న గద.” శశిధర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ మాట పట్టుకునే లేచాడు. ఇవాళ మార్కెట్ దగ్గర మళ్లీ షాపు నడుపుతున్నాడంటే ఆ మాట చలవే. అలాంటిదాన్ని మూగదాన్ని చేస్తే ఊరుకుంటాడా?

“పోనియ్ శశీ,” అంది ఎదుటి కుర్చీలో ఉన్న పూర్ణిమ. ఆమె టీ ముట్టనే లేదు. “గిర్ని గంతే. దానికోసం కొట్లాడితే ఏం ఫాయిదా?”

శశిధర్ ఒంటికాలి మీద లేచాడు. “గంతేనా? నీకు గంతే! తెలుగులకు మార్సినవ్, అయిపోయింది. గిర్ని మనసు నీకేం ఎరుక? నా పానం నిలబెట్టింది అది!”

“ఒక్క మాట చెప్త, ఇను...”

“నువ్వేం చెప్పకు. కంపెనీ దిక్కు మాట్లాడెటోళ్లు మన గ్రూపుల ఉండొద్దు.”

అన్నంత పనీ చేశాడు. ఆమె ఎదుటే ఫోన్ తీసి గ్రూపులోంచి ఆమె పేరు తీసేశాడు. పూర్ణిమ సంచి భుజానికి తగిలించుకుని, రోడ్డు దాటి మిర్యాలగూడ బస్సెక్కింది. “తప్పన్నా, అక్కనట్టా అనకూడదు,” అని యేసయ్య నెత్తీనోరూ కొట్టుకున్నాడు. కోపం వచ్చిన మనిషికి చెవులుంటాయా?

ఆ ఆదివారం కంపెనీ తెలుగు అభిమానులతో వీడియో మీటింగు పెట్టింది. మాట్లాడుతున్నావిడ తెలుగావిడే. రెండు భాగాలకూ మాటలు రాసిన బృందంలో తానూ ఉన్నానని చెప్పుకుంది. శశిధర్ వంతు వచ్చింది. నమస్కారం కూడా పెట్టలేదు.

“గిర్ని నోరెందుకు నొక్కిన్రు మేడం?”

“గిర్ని ఎవరండీ?”

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. “నౌకల రిపేర్లు చేసే ముసలి రోబో! మీరు పుట్టించినదాని పేరు మీకే తెల్వదా?”

“ఓ... ఆ కిర్రుమనేదా!”

“ఆఁ, అదే! ‘తిన్నవా కెప్టెన్’ అన్నది. ‘జర ఆగు, నేనున్న గద’ అన్నది. గా మాటలు రాసినోళ్లను కొల్వుల కెల్లి తీసేసిన్రా? మళ్ల పిలువున్రి. ఒక్కసారి నాకు సూపెట్టున్రి, కాళ్లు మొక్కుత. గసొంటి మనసున్నోళ్లను ఎట్ల పోగొట్టుకున్నరు మేడం?”

ఆవిడ తికమకపడింది. పక్కనున్నవాళ్లతో ఏదో గుసగుసలాడింది. మళ్లీ తెర వైపు తిరిగి మెల్లగా అంది.

“మీరు పొరబడ్డట్టున్నారండీ, మొదటి భాగంలో కూడా ఆ రోబోకు మేమెవరమూ ఒక్క మాటైనా రాయలేదు.”