బాక్సు బయటే పెట్టండి

“లోపలికి రండి, ఎవరొద్దన్నారు? బాక్సు మాత్రం బయటే పెట్టి రండి” అంది కోడలు, గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి.

“బయట పెడితే అది ఎవరి పొట్టలోకి పోతుందో నాకు తెలుసులే” అంది చిటపట.

ఆమె అసలు పేరుతో సేవా కేంద్రంలో ఎవరికీ పనిలేదు. నోరు తెరిస్తే పోపులో ఆవాలే కాబట్టి అందరికీ ఆమె చిటపటే. మంచం పట్టిన పెద్దవాళ్లకు కేంద్రం ఉచితంగా పంపే మధ్యాహ్న భోజనాన్ని ఇల్లిల్లూ తిరిగి అందించడం ఆమె పని. అక్కడొక నియమం ఉంది. బాక్సు ఆ పెద్దమనిషి చేతికే ఇవ్వాలి, మనిషిని కళ్లారా చూసి మరీ రావాలి. ఇంతకుముందు ఈ వీధికి వచ్చినవాడు మెతక. గుమ్మంలోనే ఇచ్చేసి చక్కా పోయేవాడు. ఈ వారం నుంచి వీధి చిటపట చేతికొచ్చింది.

మొదటిరోజు “అత్తయ్య పడుకున్నారు” అంటూ కోడలు బాక్సు అందుకుంది. మర్నాడూ అదే పాట. నిన్నయితే చిటపట మెట్లు దిగాక, ఖాళీ బాక్సు తీసుకోలేదని గుర్తొచ్చి మళ్లీ పైకెక్కింది. ఏముంది, తలుపు దగ్గరగా వేసుకుని, మెట్ల మీద కూర్చుని, అత్తగారి భోజనాన్ని ఆవురావురుమంటూ తింటోంది ఈ మహాతల్లి. చిటపటకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? మంచాన పడ్డ మనిషి కూడు దొంగచాటుగా తినడానికి మనసెలా ఒప్పుతుంది?

కేంద్రంలో ఈ సంగతి చెబితే వంటమనిషి ఇంకో మాట అంది. “ఆ పెద్దావిడ అప్పుడప్పుడూ తనే ఫోన్ చేస్తుంది. కూరలో కారం బాగా వెయ్యమంటుంది. అన్నం ఇంకాస్త పెట్టమంటుంది.”

“డెబ్బై దాటిన ప్రాణానికి కారం కావాలా? ఆ కోడలే పక్కన నిలబడి చెప్పిస్తోంది” అంది చిటపట.

కేంద్రం నిర్వాహకురాలు తలూపింది. “నీ కళ్లతో చూసిరా. నిజమైతే ఒక్క ఫోన్ చెయ్యి. సాయంత్రానికల్లా ఆవిడని మన వృద్ధాశ్రమానికి తెచ్చేద్దాం. ఆ కోడలి చేతికి మళ్లీ అప్పగించేది లేదు.”

అందుకే ఇవాళ చిటపట అటో ఇటో తేల్చుకోవడానికే వచ్చింది.

“తప్పుకో” అంది.

“మీకు దణ్ణం పెడతాను. బాక్సు లోపలికి వద్దు. అత్తయ్యతో మీరు ఎంతసేపైనా మాట్లాడుకోండి.”

“నేను మాట్లాడి వచ్చేలోపు నువ్వు ఊడ్చేద్దామనా? సిగ్గుండాలి.”

“నోరు పారేసుకోకండి” అంది కోడలు. ఆమె ముఖమూ ఎర్రబడింది. “ఏదైనా ఉంటే అత్తయ్యనే అడగండి. మీకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఖర్మ నాకు లేదు.”

చిటపట ఆ చేతిని విసురుగా తోసేసి, బాక్సుతో సహా లోపలికి నడిచింది. కోడలు ఆమెను దాటుకుని పరుగున వెళ్లి కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫ్యాన్ వేసింది. వంటగది దారిలోనే ఉంది. పొయ్యి మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. కూర గిన్నెలన్నీ పైఅరలో బోర్లించి ఉన్నాయి. వాటి మీద దుమ్ము కూడా పేరుకుంది.

“ఇంట్లో పొయ్యి కూడా వెలిగించవా?”



గదిలో పెద్దావిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. కప్పుకున్న దుప్పటి ఉతికినది. తల నున్నగా దువ్వి ఉంది. అవన్నీ వచ్చేపోయేవాళ్ల కోసం చేసిన షోకులే అనుకుంది చిటపట. మనిషి మాత్రం ఎముకల గూడులా ఉంది.

“అమ్మా, మీరు అన్నం తిని ఎన్నాళ్లయింది?”

“ముద్ద నోట్లో పెట్టుకుని ఏడాది దాటిందమ్మా” అంది పెద్దావిడ బొంగురు గొంతుతో.

చిటపటకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే పట్టరాని కోపమూ వచ్చింది. మంచం అంచున కూర్చుని, బాక్సు మూత తీసి, గబగబా ముద్ద కలిపింది.

“నోరు తెరవండి. నేను పెడతాను. ఎవరడ్డొస్తారో చూస్తాను.”

పెద్దావిడ కళ్లు ఆ ముద్ద మీదే నిలిచిపోయాయి. అంతలో కోడలు ఒక్క ఉదుటున వచ్చి చిటపట మణికట్టు పట్టి లాగింది. మెతుకులు నేలంతా చిందాయి.

“నోటికాడ కూడు లాగేస్తావా? నువ్వసలు మనిషివేనా?” చిటపట ఎడమచేత్తోనే ఫోన్ తీసి కేంద్రానికి కలిపింది. “మేడమ్, బండి పంపించండి. ఈవిడని ఈ ఇంట్లో ఇంకో పూట ఉంచితే ఆ పాపం మనదే.”

కోడలు గోడకు జారగిలబడిపోయింది. “అత్తయ్యా, ఇప్పటికైనా చెప్పండి. మిమ్మల్ని తీసుకుపోతారట.”

“ఆ ఫోన్ అవతల పెట్టు” అంది పెద్దావిడ. ఆ బొంగురు గొంతులో ఉన్న కోపం ముందు చిటపట కోపం ఏ మూలకి? “నా కోడల్ని అన్న మాటలు ఇక చాలు.”

ఆవిడ దుప్పటి పక్కకు లాగి, పొట్టకు అమర్చిన సన్నటి గొట్టం చూపించింది.

“నాకు గొంతు దిగదు. నోట్లో ఏది పెట్టినా ఊపిరాడక పోతానన్నారు డాక్టర్లు. డబ్బా పాలైనా నీళ్లయినా ఇందులోంచే. వేళ తప్పకుండా అదే పోస్తుంది నాకు.”

చిటపట చేతిలో ఫోన్ “హలో, హలో” అంటూనే ఉంది. ఆమె దాన్ని కట్ చేసింది.

“మరి మీరు తినలేనప్పుడు ఈ భోజనం ఎందుకు తెప్పిస్తున్నారమ్మా?”

“వంట వాసనకి నాకు నోరూరుతుందని, నా కోడలు పొయ్యి వెలిగించడం మానేసింది.”