పేర్లు రాయకూడదు

మూడో అంతస్తులోకి పొగ వచ్చిన రోజున ఆసుపత్రి ఒక్క రోగిని పోగొట్టుకుంది. ఆ సమయంలో వార్డులో పదిహేనుమంది ఉన్నారు. పద్నాలుగుమంది కిందికి చేరారు. ఆరో నంబరు మంచం మీది మనిషి చేరలేదు.

విచారణ జరిగింది. లోపం కరెంటు ప్యానెల్‌ది అని తేలింది. ఆ వార్డు మేనేజరు చేసినదాంట్లో తప్పేమీ లేదని కాగితం ఇచ్చారు. అప్పటినుంచి అతను లిఫ్టు ఎక్కితే లోపల మాటలు ఆగిపోతున్నాయి. క్యాంటీన్‌లో అతని బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే అతను భరించలేకపోయాడు.

వేరే దేశంలో ఒక ఆసుపత్రి అతనికి ఉద్యోగం ఇస్తానంది. ముందుగా అక్కడి సంస్థ ఒకటి అతని నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. పదకొండేళ్ళ అనుభవపత్రం, తన కింద పనిచేసినవాళ్ళ పట్టిక, పై అధికారి ఉత్తరం, అన్నీ పంపాడు. ఫైలు వెనక్కి వచ్చింది. ఒత్తిడిలో మీరు సొంతంగా తీసుకున్న ఒక నిర్ణయం గురించి పేజీ రాయండి, ఆధారం జతచెయ్యండి అన్నారు. ఆధారంగా చూపించడానికి అతని దగ్గరున్నది ఆ విచారణ కాగితమే. గడువు సోమవారం. దాటితే ఫైలు మూసేస్తారు. ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క బీమా ఆఫీసులో క్లెయిములు చూస్తుంది. కాగితం మీద ఏ మాట తప్పించుకుంటోందో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది.

"‘సిబ్బంది అందరం చర్చించుకుని’ అని రాశావు. పొగలో చర్చలేంట్రా? మధ్యలో కాఫీలు కూడా తాగారా?"

"అలా రాస్తే మర్యాదగా ఉంటుందని."

"ఇలాంటివి రోజుకి నలభై చదువుతాను. నేనైతే ఆపేస్తాను. నిర్ణయం నీదైతే నీదేనని రాయి."

చెరిపి రాశాడు.

బావ వంటింట్లోంచి తొంగిచూశాడు. "కాస్త తిని మొదలుపెట్టొచ్చుగా ఇద్దరూ" అన్నాడు. ఇద్దరూ తెరమీదినుంచి తలెత్తలేదు. ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

"ఎక్కడా పేర్లు లేవేం?" అంది అక్క.

"రోగుల పేర్లు రాయకూడదు. రూలు. మంచం నంబర్లే."

"సరే. నంబర్లే చెప్పు."

చెప్పాడు. నడవగలిగినవాళ్ళు ముందు. తర్వాత చక్రాల కుర్చీలవాళ్ళు. ఊపిరి మిషన్ మీద ఉన్నవాళ్ళు చివర. ఎందుకంటే ఒక్కొక్కరిని మొయ్యడానికి నలుగురు కావాలి. ఆ అంతస్తులో ఉన్నదే నలుగురు, తనతో కలిపి.

"మిషన్ మీద ఎంతమంది?"

"ఇద్దరు. ఆరు, తొమ్మిది."

"తొమ్మిదిని ముందు తీశావు. ఎందుకు?"

"తలుపు పక్కనే కాబట్టి. ఆరు ఆ చివర. అప్పటికే అటు పొగ కమ్మేసింది. ఆరు దగ్గరికి వెళ్ళొచ్చేలోపు తొమ్మిదో నంబరు కూడా పోయేవాడు."

"అది నీకు అప్పుడే తెలుసా, తర్వాత ఆలోచించుకుంటే తెలిసిందా?"

అతను కీబోర్డు మీదినుంచి వేళ్ళు తీసేశాడు.

"అప్పుడే తెలుసు."

"అలాగే రాయి."

రాశాడు. అక్క తెరమీది ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది.

"ఆరో నంబరు స్పృహలో ఉందా?"

"అది వాళ్ళడగలేదక్కా."

"నేనడుగుతున్నాను."

"ఉంది."

"నిన్ను చూసిందా?"

"చూసింది."

"ఏమన్నా చెప్పబోయిందా?"

"నోట్లో గొట్టం ఉంది కదా."

అక్క లేచి కిటికీ మూసింది. మళ్ళీ తెరిచింది. వచ్చి కూర్చుంది.

ఫారం అడుగున ఇంకొక ప్రశ్న ఉంది. మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తారు? దాని కింద గడి ఖాళీ.

"ఇది వదిలేశావేం?"

"వారం రోజులుగా చూస్తున్నాను. చెయ్యి రావడం లేదు."

"ఖాళీగా ఉంటే మళ్ళీ వెనక్కి పంపిస్తారు."

"నువ్వేమంటావు?"

"నేననేదేముందిరా. ఉద్యోగం నీది."

"నువ్వంటేనే రాస్తాను. లేకపోతే ఇక్కడితో ఆపేస్తాను."

అక్క అతనికేసి చూడలేదు. లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. ఆఫీసులో గబగబా టైపు కొట్టే మనిషి, అక్షరాలు ఎక్కడున్నాయో తెలియనట్టు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కొట్టింది. ‘ఇదే చేస్తాను.’

"పంపించెయ్. మళ్ళీ చదవకు" అంది.

పంపించాడు.

ఆరు వారాలకు సర్టిఫికెట్ వచ్చింది. నిర్ణయాలు తీసుకునే సామర్థ్యం అన్నచోట ‘అత్యుత్తమం’ అని ఉంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. టికెట్ కొన్నాడు. అక్క రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి అతని ఇల్లంతా సర్దింది. గిన్నెలు పక్కింటివాళ్ళకు ఇచ్చేశారు. పుస్తకాలు అట్టపెట్టెల్లో పెట్టారు. పాత కాగితాలు చింపేశారు.

ఆరో నంబరు మంచం కింద దొరికిన అమ్మ సంచిని మాత్రం ఇద్దరిలో ఎవరూ ఇంకా తెరవలేదు.