మూడో తొట్టి నీళ్లు

ఇలా దగ్గరకి జరగండర్రా. ముక్కులు మూసుకోవద్దు, కంపు కథలోదే, మనింట్లోది కాదు.

రాయచూరు జిల్లాలో కవితాళ ఊరి అవతల కాలవ పక్కన శివపార్వతికి ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. లైసెన్సు ఆవిడ పేరు మీద, పెత్తనం మొగుడు శేషయ్యది.

వడ్లు నానబెట్టిన నీళ్లు తొట్లలోంచి బయటికి వదిలితే చాలు, చచ్చిన ఎలుకని పులిసిన గంజిలో వేసి మూతపెట్టినట్టుండేది. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

పక్కూరివాళ్లు అర్జీ పెట్టారు. వారంలోగా కంపు పోకపోతే కరెంటు కోసేస్తామని నోటీసొచ్చింది. మిల్లు ఆగితే మళ్లీ లేచేది కాదు. ఏం చెయ్యాలో తోచకుండానే అందులో నాలుగు రోజులు గడిచిపోయాయి.

శివపార్వతి తొట్లని ఫొటో తీసి ఆ నంబరుకి పంపింది.

ఆ నంబరంటే కాలుష్యం ఆఫీసువాళ్లు మిల్లుల కోసం పెట్టింది. పొగైనా, మురుగైనా, తగ్గించుకునే దారి అడిగితే ఫోన్లోకి జవాబు రాసి వస్తుంది. తెలుగులో అడిగితే తెలుగు, కన్నడంలో అడిగితే కన్నడం. కంప్యూటరే రాస్తుందని అందరి నమ్మకం. నిరుడు పొగగొట్టం నల్లగా కక్కుతుంటే, తడి ఊక పొయ్యిలో వెయ్యొద్దని చెప్పింది. మానేశారు, పొగ తేలికపడింది.

ఈసారి రెండు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు.

"దానిక్కూడా రోత పుట్టుంటుందిలే," అన్నాడు శేషయ్య.

ఆరో రోజు పొద్దున్నే ఎవరో ముసలాయన గేటు తోసుకుని వచ్చాడు. మాసిన పంచె, చంకలో సంచి. తిన్నగా తొట్ల దగ్గరకెళ్లాడు. అప్పుడే నీళ్లొదిలిన మూడో తొట్టిలోకి దిగి, అడుగున జల్లెడ రేకు సందులో మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. బయటికి తీసి వాసన చూశాడు. నాలిక కొసకి తాకించుకున్నాడు.

శివపార్వతి తొట్టి గట్టున నిలబడి అరిచింది.

"ఛీ ఛీ! ఎవరయ్యా నువ్వు? మనిషివేనా?"

"మనిషినే తల్లీ. ఈ నీళ్లు చూద్దామని రాయచూరు నుంచొచ్చిన. ఎన్ని దినాలాయె గిట్ల?"

శేషయ్య పరిగెత్తుకొచ్చాడు. "చూడ్డానికి ఇదేమన్నా జాతరా? పక్కూరివాళ్లే కదూ పంపింది? సీసాలో పట్టుకెళ్లి ఆఫీసర్లకి చూపిస్తావా?"

"కాదు సామీ, నా మాట జెర ఇను..."

"వినేదేంటి? ఇంకో గంటలో ఆఫీసు నుంచి కమిటీ వస్తోంది. నడు బయటికి!"

ముసలాయన చెయ్యి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. వేళ్ల నుంచి నల్లటి జిగురు కారుతోంది.

"చెయ్యి కడుక్కుంట తల్లీ. ఒక చెంబు నీళ్లియ్యి."

"కాలవ అటుంది," అంది శివపార్వతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

ఆయన అటే పోయాడు.

గంటకి కమిటీ దిగింది. పెద్దాఫీసరు ప్రజ్ఞ కారు దిగుతూనే రుమాలు తీసింది.

"మీ నోటీసు సంగతి మాది కాదండీ. ఆ నంబరు ఎవరికైనా పనికొస్తోందా, ఉంచాలా తీసెయ్యాలా, అదే చూస్తున్నాం. అడిగినవాళ్ల వివరాలు బయటపెట్టబోమని మాటిచ్చాం. అందుకే మిల్లు మిల్లుకీ తిరిగి మిమ్మల్నే అడుగుతున్నాం."

శేషయ్య జీడిపప్పు పళ్లెం ముందుకి తోశాడు. "మాకు మురికే లేదు కదండీ, అడగాల్సిన పనేముంది?"

"మరి ఈ వాసన?"

"పక్కూరి గేదెలండి."

కమిటీలో ఒకాయన జీడిపప్పు నోటిదాకా తెచ్చుకుని, మొహం అదోలా పెట్టి, మళ్లీ పళ్లెంలో వేసేశాడు.

కాగితం శివపార్వతి ముందుకొచ్చింది. ఈ నంబరుని ఎప్పుడైనా అడిగారా, మేలు జరిగిందా అని ఉంది. పక్కన రెండు గళ్లు.

పెన్ను 'అవును' దగ్గర ఆగింది.

శేషయ్య చెవిలో బుసకొట్టాడు. "అడిగామన్నావో, మురికి మనదేనని రాసిచ్చినట్టే. మతుందా?"

ఆవిడ 'లేదు' గడిలో టిక్కు పెట్టింది. తన చెయ్యి చూసి తనకే రోత పుట్టింది. అయినా సంతకం చేసింది.

"మీదే ఆఖరి మిల్లు," ప్రజ్ఞ కాగితాలు సర్దుకుంది. "పదకొండు మిల్లులూ ఇదే రాశాయి. ఎవరికీ అక్కర్లేనిది ఎందుకు? రేపట్నుంచి తీసేస్తాం."

పదకొండు పొగగొట్టాలూ నిరుడు ఆ నంబరు మాట విని తెల్లబడ్డవే. ఒక్క నోరూ పెగల్లేదు. థూ!

పొద్దు వాలుతుంటే ఫోన్ మోగింది. ఆ నంబరు నుంచే మెసేజీ.

'తల్లీ, మూడో తొట్టిల జల్లెడ రేకు కింద పాత వడ్లు జానెడు మందాన కుళ్లినయి. అందుకే ఎన్ని కొత్త నీళ్లు పోసినా పులుస్తున్నయి. రేకు ఇప్పి గీకి పారెయ్యుండ్రి. సున్నపు నీళ్లతోటి కడుగుండ్రి. ప్రతి తడవా గట్లనే చెయ్యాలె...'

అక్కడిదాకా చదివి కూలీల్ని కేకేసింది.

రేకు లేపితే కింద నల్లటి ముద్ద, తెల్లటి పురుగులు లుకలుకలాడుతూ. ఇద్దరు పక్కకెళ్లి వాంతి చేసుకున్నారు. గీకారు, కడిగారు, సున్నం కొట్టారు. నోటీసు గడువు నాటికి కంపు లేదు. కరెంటు నిలిచింది.

"కంప్యూటరంటే కంప్యూటరే!" శేషయ్య మీసం దువ్వాడు.

శివపార్వతి అప్పుడు తీరిగ్గా మెసేజీలో మిగతా సగం చదివింది.

'ఫొటోల అడుగు కనిపియ్యలే, అందుకే పొద్దుగాల వచ్చి చూసిన. ఎవ్వరూ అడగలేదని రాసిచ్చిన్రంట, నంబరు బంద్ జేస్తున్నరు. ఇన్నాళ్లు అన్ని మిల్లులకు జవాబు రాసింది నేనే, ఇదే ఆఖరిది గనక పేరు రాస్తున్న. సూగప్ప, పాత బాయిలర్ పనోడు.'

'ఒక్కసారి రండి' అని ఆవిడ రాసి పంపింది. అది అవతలికి పోనేలేదు.

గుర్తుపెట్టుకోండర్రా, రేపు ఎవరికైనా చెప్పేటప్పుడు ఇలాగే చెప్పండి: పదకొండు మిల్లులకీ జవాబులు రాసింది కంప్యూటరు కాదు, చెంబెడు నీళ్లకి నోచుకోక కాలవకేసి నడిచిపోయిన ఆ సూగప్పే.