ఫైలు కదిపావంటే ఊరుకోను

రెంటచింతలలో పిట్టలు రాలిపోయే ఎండ. మధ్యాహ్నం కరెంటు సర్కారు ఆఫీసులకే ఇస్తున్నారు. ఊళ్లో ఉన్న ఒక్క ఆఫీసేమో అంకమ్మ ఇంటి ముందుగదిలోనే ఉంది. పెద్ద గదులన్నీ సర్కారుకు అద్దెకివ్వాల్సిందేనని చట్టం వచ్చాక, అధికారి బదులు మాట్లాడే కుక్కరంత యంత్రాన్ని బల్ల మీద పెట్టి, ఏసీ బిగించి పోయారు. జనం అర్జీలు ఫోన్లలోనే పెట్టుకుంటారు గనుక ఆ గడప తొక్కేవాళ్లే లేరు. ఖాళీ గది చల్లగా ఉంటే, వెనక వంటింట్లో బాలింత కూతురు తన్వి, ఒళ్లంతా చెమటకాయలు పేలిన పసిగుడ్డు ఉడికిపోతున్నారు.

బిడ్డ ఏడుపు సన్నగిల్లేసరికి అంకమ్మకు ఒళ్లు మండిపోయింది. కూతురి చెవుల్లో దూది పెట్టి, ఇద్దరినీ ముందుగదిలోకి తీసుకొచ్చింది.

“యజమాని కుటుంబం ఇక్కడ ఉండరాదు. అర్జీదారులే కూర్చోవచ్చు,” అంది యంత్రం.

“అయితే రాసుకో నా అర్జీ. మా ఇల్లు మాకు కావాలి!”

“పైకి పంపాను. తేలేవరకు కూర్చోండి.”

ఆ మాట చాలింది అంకమ్మకు. చాప పరిచి బిడ్డను పడుకోబెట్టి, గుమ్మంలో నిలబడి అరిచింది. “అమ్మలూ, పిల్లల్నెత్తుకుని రండే! తలా ఒక అర్జీ పెట్టండి!”

కాసేపటికే గది నిండా పిల్లలు నిద్రపోతున్నారు. అప్పుడు యంత్రం నోరు విప్పింది.

“అంకమ్మగారూ, మీ ఫైలు కదిలింది. తేలగానే మీరు బయటికెళ్లాలి.”

అంకమ్మ అట్లకాడ ఎత్తింది.

“మా ఆయన పింఛను ఫైలు ఆయన పోయేదాకా కదల్లేదు కదరా! ఇయ్యాల పసిబిడ్డ కాస్త కునుకు తీస్తే కదలాల్సొచ్చిందా? ఎండ దిగకముందు కదిపి చూడు, నీ నెత్తి పగలగొడతా!”